ట్రాక్టరు లాగడం లేదంటే ముందు మనం చూడవలసినవి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మన యంత్రాల అద్దె కేంద్రం గురించి మాట్లాడమన్నారు. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత అనేది నివేదికలో వేశారు, అది మీ చేతుల్లోనే ఉంది. నేను మళ్ళీ చదివితే మీకు నిద్రొస్తుంది. అందుకని ఈ ఏడాది మా గ్రామ సంఘం పాత ట్రాక్టరుకి వచ్చిన జబ్బు ఏమిటి, దాన్ని ఎలా పట్టుకున్నాం, అందులో మీకు పనికొచ్చేది ఏమిటి అనేది చెప్తాను. నేను మెకానిక్‌ని కాదు. పదో తరగతి చదివాను. ట్రాక్టరు పక్కన నిలబడి నేర్చుకున్నది కొంత, దానితో పాటు వచ్చిన పుస్తకం చదివి తెలుసుకున్నది కొంత, అంతే.

మా ట్రాక్టరు 1994 నాటిది. 35 హెచ్.పి., మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో అప్పు మీద కొన్నాం. వెనక గడ్డి కట్టర్ తగిలించి మామిడి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో గడ్డి కోయిస్తాం. నూజివీడు వైపు తోటలున్న వాళ్ళకి తెలుసు, వానలు పడ్డాక రెండు నెలలు గడ్డి మోకాలు దాటి పెరుగుద్ది. మా సంపాదన అంతా ఆ రెండు నెలల్లోనే. సరిగ్గా ఆ సీజన్లోనే అది మొరాయించింది.

ఎలాగంటే, పొద్దున చక్కగా స్టార్టవుద్ది. అరగంట చక్కగా కోస్తుంది. తర్వాత ఇంజన్ శబ్దం మెల్లగా కిందకి దిగుద్ది, కట్టర్ నెమ్మదిస్తుంది, గడ్డి తెగకుండా పడుకుంటుంది. ఎక్సలేటర్ ఎంత లాగినా పలకదు. ఆపి పావుగంట చెట్టుకింద కూర్చుని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. మళ్ళీ అరగంటకి అదే కథ. టౌనులో షెడ్డుకి తోలుకెళితే, ‘ఇంజన్ బోరు పోయింది, విప్పాలి, 55 వేలు అవుద్ది’ అన్నారు.

ఆ నెల గ్రామ సంఘం మీటింగు మూడు గంటలు నడిచింది. పాత ఇనుముకి అమ్మేద్దామని కొందరు, చేయిద్దామని కొందరు. చేయించాలంటే ఆ 55 వేలు ఎక్కడి నుంచి తేవాలి? ఇద్దరు సభ్యులకి పాడిగేదెల అప్పు తీర్మానం అయ్యి ఉంది, ఆ డబ్బులో నుంచి తీయాలి. వాళ్ళిద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. ఒకావిడ అప్పటికే గేదె బేరం చేసి వెయ్యి రూపాయలు బయానా ఇచ్చి వచ్చింది. ఇంజన్ బోరు అంటే ఏమిటో, పోయిందని ఎలా తెలుస్తుందో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. తెలియని దానికి 55 వేలు ఎలా తీర్మానం రాస్తాం? వారం రోజులు ఆగుదాం, మనమే చూద్దాం అని ఆఖరికి ఒప్పుకున్నారు.

ముందు ఇంజన్‌కి బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. డీజిల్ ఇంజన్‌కి స్కూటర్ లాగా ప్లగ్గు, నిప్పురవ్వ ఉండవు. సిలిండర్ లోపలికి గాలి పీల్చుకుంటుంది. పిస్టన్ ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కితే గాలి బాగా వేడెక్కుద్ది. ఆ వేడిగాలిలోకి నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొడుతుంది, అది అంటుకుని పిస్టన్‌ని కిందకి తోస్తుంది. అంటే గాలి రావాలి, డీజిల్ రావాలి, నొక్కుడు గట్టిగా ఉండాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా బలం తగ్గుద్ది. మన పొయ్యి కూడా అంతే కదా. పుల్లలు తక్కువైనా మండదు, గాలి ఆడకపోయినా మండదు, పొగ మాత్రం వస్తుంది.

బోరు పోవడం అంటే ఆ మూడోది, నొక్కుడు తగ్గడం. పిస్టన్ చుట్టూ రింగులుంటాయి. రింగులు, సిలిండర్ గోడ అరిగితే సందులోంచి గాలి కిందకి జారిపోద్ది, కింద ఉన్న ఆయిల్ పైకొచ్చి మండుద్ది. దీనికి గుర్తులు ఉన్నాయి. పొద్దున పూట స్టార్ట్ అవడానికి బాగా సతాయిస్తుంది. సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంది. ఇంజన్ ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూస్తే రోజురోజుకీ మట్టం దిగిపోతుంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడి నుంచి గుప్పు గుప్పుమని పొగ తన్నుతుంది. (ఆ మూత తీసేటప్పుడు ఇంజన్ నెమ్మది మీద ఉండాలి, మొహం దూరంగా పెట్టాలి, వేడి ఆయిల్ చిమ్మొచ్చు.)

మా దానికి ఇవన్నీ చూశాం. పొద్దున ఒక్క పట్టుకే స్టార్టయింది. కొంచెం నీలం పొగ వచ్చి రెండు నిమిషాల్లో పోయింది. మూత తీస్తే కొద్దిగా ఆవిరి తప్ప పెద్ద తన్నుడు లేదు. వారం రోజులు గేజీ కడ్డీ చూసి రాసుకుంటే ఆయిల్ దాదాపు కదల్లేదు. అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి. బోరు అరిగితే పొద్దున కూడా అరిగే ఉంటుంది కదా! వేడెక్కాక ఇంకొంచెం ఎక్కువవ్వచ్చేమో గానీ, పావుగంట చెట్టుకింద ఆపితే నయమైపోయే జబ్బు కాదది. మా సంఘంలో వయసులో పెద్దావిడ, అక్షరం ముక్క రాదు, ఈ ప్రశ్న ముందు అడిగింది ఆవిడే.

అయితే అరగంటలో ఏం మారుతోంది? వేడి ఒకటి, డీజిల్ ఒకటి.

వేడి సంగతి ముందు చూశాం. గడ్డి కోసే ట్రాక్టరుకి రేడియేటర్ ముందు జాలీకి నూగు, గడ్డిపొడి పట్టేసి దుప్పటి కప్పినట్టు అవుద్ది. దుక్కి దున్నే ట్రాక్టరుకి ఇంత ఉండదు. ఇంజన్ ఆపి, చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి బయటికి వచ్చేట్టు మెల్లగా నీళ్ళు కొట్టాలి. ముందు నుంచి గట్టిగా కొడితే నూగు ఇంకా లోపలికి దిగబడుద్ది, రేకులు వంగుతాయి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్ళు మొహాన పడతాయి. ఫ్యాన్ బెల్టు వదులైందేమో కూడా చూశాం. మేం శుభ్రం చేసిన తర్వాత వేడి తగ్గింది గానీ జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇక డీజిల్. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా దొంగ ఇక్కడే దొరికాడు.

నూనె డబ్బాకి ఒకే బొక్క పెట్టి వంచితే నూనె గుటక గుటకగా పడి ఆగిపోద్ది. రెండో వైపు ఇంకో చిన్న బొక్క పెడితే ధారగా వస్తుంది. లోపలికి గాలి పోతేనే నూనె బయటికి వస్తుంది. డీజిల్ ట్యాంకు కూడా అంతే. అందుకే పాత ట్రాక్టర్ల ట్యాంకు మూతకి సన్నని బొక్క ఉంటుంది. అది మూసుకుపోతే ఇంజన్ డీజిల్ లాగే కొద్దీ ట్యాంకులో పీకుడు పెరిగి, చివరికి డీజిల్ రావడం తగ్గిపోద్ది. ఇంజన్ ఆపి కాసేపు ఉంచితే ఎక్కడో సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి చేరుద్ది, మళ్ళీ నడుస్తుంది. మా జబ్బు లక్షణం అచ్చంగా ఇదే.

కనిపెట్టే పద్ధతి చాలా తేలిక. ఇంజన్ దిగిపోతున్నప్పుడు కట్టర్ వదిలించి, బండి నిలిపి, ట్యాంకు మూత మెల్లగా తిప్పండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయిన శబ్దం వచ్చి ఇంజన్ మళ్ళీ పుంజుకుంటే మూతే దొంగ. మాకు అలాగే అయింది. మూత తిప్పి చూస్తే లోపల సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి బిగించి ఉంది. వానకి ట్యాంకులో నీళ్ళు పడకుండా ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారని మేం పంచాయితీ పెట్టలేదు, మంచికే పెట్టారు. ట్యూబు ముక్క తీసేసి, బొక్కని సన్నని తీగతో శుభ్రం చేశాం. వాన వచ్చినప్పుడు పైన రేకు డబ్బా బోర్లిస్తున్నాం. ఖర్చు సున్నా.

ట్యాంకు మూతతో అయిపోలేదు. డీజిల్ ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే దారిలో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. గాజు గిన్నె ఉన్న ట్రాక్టర్లలో దాన్ని చూడగానే తెలుస్తుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున వేరేగా నిలబడతాయి. విప్పి పారబోసి తుడిచి బిగించాలి. తర్వాత డీజిల్ ఫిల్టర్లు. పుస్తకంలో ఎన్ని గంటలకి మార్చమని ఉందో అన్ని గంటలకి మార్చాలి. కడిగి మళ్ళీ వేస్తే సరిపోద్దని కొందరు చెప్తారు, కాగితం ఫిల్టర్ కడిగితే పాడవుద్ది. ఫిల్టర్ మార్చాక గొట్టాల్లో గాలి పడుద్ది, అది తీయకపోతే స్టార్ట్ అవదు, అయినా తడబడుద్ది. ఫిల్టర్ పైన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి, చేతి లివర్‌తో పంపు కొడుతూ ఉంటే ముందు బుడగలు, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించాలి. లివర్‌కి పట్టు తగలకపోతే కంగారు పడొద్దు. ఇంజన్‌ని ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొడితే పట్టు దొరుకుద్ది. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టడం మంచిది, ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీళ్ళు చేరతాయి. డీజిల్ పోసేటప్పుడు చీర గుడ్డలో వడకట్టకండి, నూలు పోగులు లోపలికి పోతాయి. సన్నని జాలీ ఉన్న గరాటు వాడండి.

మూత సంగతి తేలాక అరగంటకి ఆగిపోవడం పోయింది. కానీ గడ్డి ఎత్తుగా ఉన్నచోట నల్లపొగ కక్కుతూ ఇంకా ఆయాసపడుతూనే ఉంది. పొగ రంగు చూసి చాలా తెలుసుకోవచ్చు. నల్లపొగ అంటే లోపలికి వచ్చే డీజిల్‌కి చాలినంత గాలి లేదు, లేదా మోయలేనంత బరువు పెట్టాం. నాజిల్ సరిగా తుంపర కొట్టకపోయినా వస్తుంది. తెల్లపొగ అంటే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. చలి పొద్దున రెండు నిమిషాలు వస్తే ఫరవాలేదు, రోజంతా వస్తే డీజిల్‌లో నీళ్ళు ఉన్నాయా, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయా చూసి మెకానిక్‌ని పిలవాలి. నీలం పొగ సంగతి ముందే చెప్పాను.

నల్లపొగ కాబట్టి ఎయిర్ క్లీనర్ విప్పాం. పాత ట్రాక్టర్లలో కింద గిన్నెలో ఆయిల్ ఉంటుంది. వచ్చే గాలి ఆ ఆయిల్‌ని తాకి, పైన ఉన్న తీగల జాలీలోంచి పోతుంది, దుమ్ము అక్కడ పట్టుబడుద్ది. మా గిన్నెలో ఆయిల్ ఆయిల్‌లా లేదు, రాగిజావలా ఉంది. పైన జాలీకి గడ్డి నూగు పిచ్చుక గూడులా పట్టి ఉంది. జాలీని డీజిల్‌లో జాడించి ఆరబెట్టి, గిన్నె కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోశాం. గీత దాటి పోయొద్దు. ఎక్కువైతే ఆ ఆయిల్‌ని ఇంజన్ పీల్చుకుంటుంది, అది చాలా ప్రమాదం. ఈ పని ఎప్పుడూ ఇంజన్ ఆపే చేయాలి. గడ్డి కోసే రోజుల్లో గిన్నె ప్రతిరోజూ విప్పి చూడాలి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టానికి పగులు ఉందేమో, క్లిప్పు వదులైందేమో కూడా చూడండి. అక్కడి నుంచి దుమ్ము సరాసరి లోపలికి పోయి ఉప్పుకాగితంలా రింగుల్ని అరగదీస్తుంది. అంటే ఎయిర్ క్లీనర్‌ని వదిలేస్తే, షెడ్డులో ఈ ఏడాది చెప్పిన మాట పై ఏడాదికి నిజమైపోద్ది.

ఇంకో పరీక్ష ఇద్దరుండి చేయాలి, ఇంజన్ ఆపి. ఒకరు సీటు మీద ఎక్సలేటర్ పూర్తిగా లాగాలి, ఒకరు కింద పంపు దగ్గర లివర్ చివరి దాకా వస్తోందా చూడాలి. పాత బండ్లలో మధ్యలో కడ్డీల పిన్నులు అరిగి, పైన పూర్తిగా లాగినా కింద ముప్పావు వంతే కదులుద్ది. మాకు అది బాగానే ఉంది.

కొన్నిసార్లు ఇంజన్‌లో తప్పేమీ ఉండదు, బరువే ఎక్కువవుద్ది. మా కట్టర్ బ్లేడ్లు మొద్దుబారి గడ్డిని కోయడం మాని కొడుతున్నాయి. రెండు బ్లేడ్లూ ఒకేసారి సాన పట్టించాలి. ఒకటే అరగదీస్తే బరువులో తేడా వచ్చి కట్టర్ అదురుద్ది. ఎత్తు గడ్డిలో ముందు కట్టర్ కొంచెం పైకి పెట్టి ఒకసారి, దించి రెండోసారి కోయాలి. ఇంజన్ దిగుతుంటే ఎక్సలేటర్ తగ్గించకూడదు, గేరు దించాలి. బండి మెల్లగా పోవాలి, కట్టర్ మాత్రం తన వేగం మీదే తిరగాలి. తోటల రైతులు గంట లెక్కన డబ్బు ఇస్తారు కాబట్టి తొందర పెడతారు, వాళ్ళకి ఇది ఓపిగ్గా చెప్పాలి. బ్రేకులు పట్టేసి ఉన్నా బండి లాగదు. చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి నలుగురు తోస్తే తెలుస్తుంది. ఇంజన్ శబ్దం దిగకుండా ఇంకా పైకి లేస్తూ, బండి మాత్రం కదలక, కాలిన వాసన వస్తే అది ఇంజన్ కాదు, క్లచ్చు. ఈ తేడా డ్రైవర్‌ని తప్పకుండా అడగండి. ‘లాగడం లేదు’ అని ఒక్క మాట అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు.

మనం ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. డీజిల్ పంపుకి వేసిన సీలు తీయొద్దు. డీజిల్ ఎక్కువ వచ్చేట్టు స్క్రూ తిప్పితే నాలుగు రోజులు బాగా లాగినట్టుంటుంది, తర్వాత నల్లపొగ, వేడి. నాజిల్‌కి వెళ్ళే సన్నని ఇనుప గొట్టాల్లో కారుతోందేమో అని ఇంజన్ నడుస్తుండగా వేలు పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుద్ది, పైకి చీమ కుట్టినంతే కనపడుద్ది గానీ చెయ్యి పోయేదాకా వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. పొరపాటున దిగితే ఆ నిమిషమే ఆస్పత్రికి పోవాలి, నొప్పి లేదు కదా అని ఆగొద్దు.

ఇప్పుడు చెప్పేది మాత్రం చిన్నమాట కాదు, కొంచెం ఆగి వినండి. ట్రాక్టరు వెనక కట్టర్‌ని తిప్పే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుద్ది. అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. మన చీర కొంగు గానీ, చున్నీ గానీ, జడ గానీ దానికి తగిలితే ‘అయ్యో’ అనే లోపల తొమ్మిది చుట్లు చుట్టేస్తుంది. మగవాళ్ళ యంత్రం, మనకెందుకు అని దూరంగా ఉండమని నేను చెప్పను. దగ్గరికి వెళ్ళేటప్పుడు కొంగు దోపుకోండి, జడ ముడి వేసుకోండి, పైన షర్టు వేసుకోండి. షాఫ్టు మీద తొడుగు లేకుండా పొలంలోకి పంపొద్దు. ఇంజన్ ఆపి తాళం చెవి మీ జేబులో వేసుకున్నాకే కట్టర్ కింద చెయ్యి పెట్టండి. గడ్డి కోసేటప్పుడు రాయి ఎగిరితే తుపాకీ గుండులా వస్తుంది. పిల్లల్ని చూడ్డానికి కూడా రానివ్వొద్దు.

మా ఖర్చు చెప్పాలి కదా. రెండు డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ క్లీనర్ ఆయిల్, బ్లేడ్ల సాన, పక్క ఊరి మెకానిక్ వచ్చి ట్యాపెట్లు సరిచేసి నాజిళ్ళు పరీక్ష చేయించిన కూలి, అన్నీ కలిపి 3,840 రూపాయలు. ఆ మెకానిక్ మంచివాడు. మేం రాసుకున్న కాగితం చూసి, ‘ఇంత వివరంగా ఎవరూ చెప్పరమ్మా’ అన్నాడు. గేదెల అప్పులు రెండూ ఇచ్చేశాం. బయానా ఇచ్చిన ఆవిడ గేదె ఇప్పుడు పాలిస్తోంది.

అలాగని ఇంజన్ కొత్తదైపోయిందని అనుకోకండి. ముప్పై ఏళ్ళ ఇంజన్, పొద్దున నీలం పొగ కొంచెం వస్తూనే ఉంది. ఏదో ఒక రోజు నిజంగానే బోరు చేయించాలి. దానికి నెలకి వెయ్యి రూపాయలు అద్దె డబ్బులోంచి పక్కన పెడుతున్నాం. ఆ రోజు వచ్చినప్పుడు కూడా ముందు గేజీ పెట్టి ఒక్కో సిలిండర్ నొక్కుడు ఎంతుందో కొలిచి, అంకెలు కాగితం మీద రాసి ఇమ్మని అడుగుతాం. కొలవకుండా విప్పనివ్వం. ట్రాక్టర్లు ఉన్న మిగతా గ్రామ సంఘాలు కూడా ఇలాగే అడగాలని నా మనవి.

ట్రాక్టరుకి ఒక 200 పేజీల నోటు పుస్తకం పెట్టాం. తేదీ, ఎన్ని గంటలు, ఎవరి తోట, ట్యాంకు మెడ దాకా నింపి బయలుదేరి తిరిగొచ్చాక మళ్ళీ మెడ దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టింది, గేజీ కడ్డీ మీద ఆయిల్ ఎక్కడుంది, పొగ రంగు. రాయడానికి రెండు నిమిషాలు పడుద్ది. గంటకి పట్టే డీజిల్ ఉన్నట్టుండి పెరిగితే జబ్బు మొదలైందని ఆగిపోక ముందే తెలుస్తుంది. పుస్తకం రాసేది మా సంఘంలో ఇంటర్ ఫెయిలైన పిల్ల. ఆ పని మీద తనకి నెలకి 500 ఇస్తున్నాం. అది దండగ అన్న వాళ్ళు ఇప్పుడు అనడం లేదు.

వచ్చే నెల రెండో మంగళవారం మా గ్రామ సంఘం ఆఫీసు దగ్గర ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పి, ఫిల్టర్ మార్చి, గాలి తీసి చూపిస్తాం. వి.ఓ.కి ఇద్దరు చొప్పున రండి, వాళ్ళలో ఒకరైనా చదవడం రాయడం వచ్చిన వాళ్ళు ఉండాలి. పాత బట్టలు కట్టుకుని రండి, డీజిల్ మరక పోదు. ఇంట్లో పానాల సెట్టు ఉంటే తెచ్చుకోండి. భోజనం మా సంఘం వాళ్ళే వండుతారు.